దొంగకు అర్థం కాకూడదని

కారు రిమోట్ బకెట్‌లో దొరికింది. సబ్బు నీళ్ళలో, నా ప్యాంటు జేబులో, రాత్రంతా నానింది. ప్రతిభ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది. జేబులు చూసుకోకుండా ప్యాంటు బకెట్‌లో పడేసింది మీరేనని మరాఠీలో గుర్తుచేసింది. గుర్తుచేసి ఊరుకుందా, నవ్వింది కూడా. నా పెళ్ళాం నవ్వితే ముఖం బాగుంటుందని పెళ్ళిచూపుల్లో అనుకున్నాను కానీ, ఆ పొద్దున మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటే అది నవ్వులాటల రోజు కాదు. పదకొండున్నరకు రాజురా రిజిస్ట్రీ ఆఫీసులో మా టోకెను. మేముండే చంద్రపూర్ బాబుపేట నుంచి రాజురా పెద్ద దూరం కాదు. బొగ్గు లారీలు అడ్డం పడకపోతే ముప్పావు గంట. కానీ ఆ టోకెను దొరకడానికి ఇరవై రోజులు తిరిగాను. ఇవాళ తప్పితే వేరే పొలం చూసుకుంటానని, మా పొలం కొనేవాడు ముందు రోజే ఫోన్‌లో తేల్చి చెప్పాడు.

పొలం లక్కడ్‌కోట్‌లో ఉంది, తెలంగాణ హద్దుకు ఇవతల. రోడ్డు పక్క నాలుగెకరాలు. మా నాయన ఎర్రయ్య నలభై ఏళ్ళు అందులో పత్తి వేశాడు. ఆయన పోయి ఏడాదిన్నర. భూమి కాగితం మీద, మా దగ్గర దాన్ని సాత్‌బారా అంటాం, ఇప్పుడు మూడు పేర్లున్నాయి. మా అవ్వ, అంటే మా అమ్మ, తిరుపతమ్మ; నేను; నా చెల్లెలు నిర్మల. అమ్మాలంటే నాకు ఒక్క పేరు కావాలి. అమ్మితే చంద్రపూర్‌లో నాకంటూ ఒక ఫ్లాటు వస్తుంది. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పదహారేళ్ళుగా సూపర్‌వైజరు పని చేస్తూ అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఆ ఆశ తప్పా?

దాచి లాభం లేదు, చెప్తాను. అవ్వతో నేను, భూమి మీద నీ పేరు ఎక్కించే కాగితం అన్నాను. అది పేరు ఎక్కించే కాగితం కాదు, తీసేసే కాగితం. నా వాటా నేను వదులుకుంటున్నానని రాసి వేలిముద్ర వేసే పత్రం. మరాఠీలో హక్కసోడ్ అంటారు. ఆమె ఎలాగూ నా ఇంట్లోనే ఉంటుంది, నా ఇంట్లోనే తింటుంది, కాగితం మీద పేరు ఉంటే ఏం, లేకపోతే ఏం అనుకున్నాను. చదువు రాని మనిషికి ఇవన్నీ విడమరిచి చెప్తే లేనిపోని భయాలు పెట్టుకుంటుందని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం చాలా సుఖంగా ఉండేది.

ఎనిమిదింటికి అవ్వ తయారై వచ్చి గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. జరీ అంచు చీర కట్టింది, తల నున్నగా దువ్వుకుంది. పేరు ఎక్కించడానికి పోతున్నానని ఆమె సంబరం. మోకాలికి బట్ట చుట్టుకుంది. ఆ మోకాలితో సర్కారు ఎస్టీ బస్సు మెట్లు ఎక్కలేదు, అందుకే కారు మీద ఇంత ఆధారం.

రిమోట్‌ను గుడ్డతో తుడిచాను, ఎండలో పెట్టాను, కొత్త సెల్లు వేశాను. చచ్చినదాన్ని ఎంత తుడిస్తే ఏం. సరే, తాళంచెవితోనే తలుపు తీద్దామని తీశాను. అంతే, సైరన్ మొదలైంది. వాడ మొత్తం బయటికి వచ్చింది. ఎదురింటి ముసలాయన పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడి, ఏమైంది, ఏమైంది అని మూడుసార్లు అడిగాడు. ఏమైందో ఆ సైరన్ చెప్తూనే ఉంది కదా! నేను బానెట్ ఎత్తి, ఆ సైరన్ గొట్టం వైరు పట్టి లాగి పారేశాను. అరుపు ఆగింది. చేతికి గ్రీజు, చొక్కాకు గ్రీజు, నోటినిండా బూతులు.

సీట్లో కూర్చుని తాళం తిప్పాను. ఇంజను గిరగిరా తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిరిగింది, మళ్ళీ అందుకోలేదు. బ్యాటరీ బాగుంది, లేకపోతే అంత జోరుగా తిరగదు. పెట్రోలు సగం ట్యాంకు ఉంది. అయినా అందుకోదు. పదిసార్లు తిప్పి, స్టీరింగును గుద్ది, కారును అమ్మిన కాగజ్‌నగర్ వాడిని, వాడి దగ్గర కొనమని చెప్పిన వాడిని, వరసపెట్టి తిట్టాను.

ప్రతిభ టాక్సీ పిలవమంది. తెలిసిన డ్రైవర్లు ఇద్దరూ పెళ్ళి కిరాయిలకు పోయారు. ఆటో పిలవమంది. ఆటోలోంచి దిగితే, ఆఫీసు దగ్గర కాచుకుని ఉండే ఆ కొనేవాడు నన్ను ఏ కళ్ళతో చూస్తాడో ఆమెకేం తెలుసు? సొంత కారున్నవాడు డబ్బు గరజు మీద, అవసరం పడి అమ్ముతున్నాడని ఎవడూ అనుకోడు, ఆటోలో దిగినవాడిని అనుకుంటాడు. ఆ మాట పైకి చెప్పలేక ఆమె మీదనే అరిచాను. అవ్వ కుర్చీలోంచి నన్నే చూస్తోంది. ఇంత తిట్టుకుంటే ఇంజను వింటుందా బిడ్డా అంది మెల్లగా. ఆమె మీద కూడా అరిచాను.

సందు చివర ఓంప్రకాష్ దుకాణం ఉంది, కార్ల వైరింగ్ పని చేస్తాడు. తొమ్మిదికి పిలుచుకొచ్చాను. మా చంద్రపూర్‌లో మనుషులు రెండు రకాలు, వక్క, పొగాకు కలిపిన ఖర్రా నమిలేవాళ్ళు, నమలడం మానేశామని చెప్పుకునేవాళ్ళు. ఓంప్రకాష్ మొదటి రకం. ఖర్రా దవడకు పెట్టుకుంటే ప్రశ్నలు అడగడు, సమాధానాలు చెప్పడు. నన్ను తాళం సగం తిప్పి ఉంచమని సైగ చేసి, తాను వెనక సీటు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాడు. లేచి తల అడ్డంగా ఊపాడు. తాళం తిప్పగానే ట్యాంకులో పెట్రోలు పంపు రెండు సెకండ్లు సన్నగా మోగాలట. మోగడం లేదట. ఇంజనుకు పెట్రోలు అందకపోతే ఎంత తిప్పినా తిరుగుతుందే గాని అందుకోదని నాకు చెప్పాడు. ఆ ముక్క నాకూ తెలుసు, నేను చంటిపిల్లాణ్ణి కాదు.

ఫ్యూజు తీసి చూశాడు. బాగుంది. పంపు రిలే చెడిందేమోనని, హారన్ రిలే పీకి దాని చోట పెట్టాడు. పంపు మోగలేదు. చిన్న బల్బున్న వైరు ఒకటి తెచ్చి పంపు తీగకు ఆనించాడు. బల్బు వెలగలేదు. అంటే పంపు చెడిపోలేదు, దానికి కరెంటే రావడం లేదు. అప్పుడు ఖర్రా ఉమ్మేసి వచ్చి, డ్యాష్‌బోర్డు మీద టపటపా కొట్టుకుంటున్న ఎర్ర దీపాన్ని వేలితో చూపించాడు. ఈ అలారం మిమ్మల్ని దొంగ అనుకుంటోంది సాబ్, అందుకే పంపును కట్ చేసింది అన్నాడు హిందీలో. రిమోట్ కాకుండా ఇంకేదైనా ఉపాయం ఉంటుంది, దాచిన బటన్ ఏదో ఉంటుంది, అది ఎక్కడుందో తెలుసా అని అడిగాడు.

కారు నాది. ఆర్సీ పుస్తకం నా పేరు మీద ఉంది. నా గేటు ముందు, నా పెళ్ళాం చూస్తుండగా నన్ను దొంగ అంటుందా అది? ఓంప్రకాష్‌నే కాలర్ పట్టుకోవాలనిపించింది. వాడేం చేశాడు పాపం.

వాడు స్టీరింగు కిందికి దూరి, ప్లాస్టిక్ మూత ఊడదీసి, వైర్ల కట్ట బయటికి లాగాడు. తొమ్మిది వైర్లు. తొమ్మిదీ నల్లవి. ఎరుపు, పచ్చ, పసుపు ఏమీ లేవు. వాడు కట్టను అటూ ఇటూ తిప్పి, ఇలా ఎవడు బిగించాడు సాబ్ అన్నాడు. నేనే బిగించమన్నాను. రంగులుంటే దొంగ కనిపెట్టేస్తాడని, అన్నీ ఒకటే రంగు పెట్టమని, పక్కన నిలబడి మరీ పెట్టించాను. విప్పి, ఒక్కోటి పట్టి చూసి, సరైన రెండిటిని కలపాలంటే సాయంత్రం అవుతుందన్నాడు. తప్పు వైరు కలిపితే అలారం డబ్బా కాలిపోతుందన్నాడు. టైము తొమ్మిది నలభై.

అప్పుడు చీటీ గుర్తుకొచ్చింది.

రెండేళ్ళ కింద కాగజ్‌నగర్‌లో కారు కొన్ననాడే అక్కడి ఎలక్ట్రీషియన్ దగ్గర ఈ అలారం పెట్టించాను. అంతకు ముందు నెలలోనే మా సందులో రెండు మోటారు సైకిళ్ళు పోయాయి. ఆ కుర్రవాడు పని ముగించి, రిమోట్ పోతే ఏం చేయాలో రాసిస్తానని అట్టముక్క తీసి హిందీలో మొదలుపెట్టాడు. నేను వాడి చెయ్యి పట్టి ఆపాను. "తెలుగుల రాయి తమ్మీ. మా చంద్రపూర్ల దొంగకు సమజ్ గావద్దు" అన్నాను. వాడు నా తెలివికి మెచ్చుకుని, పాత చీటీ చింపి, తెలుగులో రాశాడు. ఈ సంగతి నేను ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. అందరూ మెచ్చుకున్నారు. తెలుగు చదవడం నీకు వచ్చా అని ఒక్కడూ అడగలేదు.

నాకు రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ రాజురా జిల్లా పరిషత్ బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరం చూస్తే అది అక్షరమని తెలుస్తుంది, అంతే. అవసరం పడ్డనాడు ఎవరితోనైనా చదివించుకోవచ్చులే అనుకున్నాను. అవసరం అనేది పదింటికి పావుగంట ముందు, రిజిస్ట్రీ టోకెను నాడు పడుతుందని అప్పుడు అనుకోలేదు.

డ్యాష్‌బోర్డు అరలోంచి చీటీ తీశాను. అడుగున కుర్రవాడి నంబరు ఉంది. ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. వెనక వీధిలో గాబ్రియేలు గారని రిటైరైన బొగ్గుగని ఆపరేటర్ ఉన్నాడు, వాళ్ళింట్లో రోజూ తెలుగు బైబిలు చదువుతారు. పరుగెత్తాను. గేటుకు తాళం. బల్లార్షాలో కూతురింటికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. చీటీ ఫోటో తీసి ఆయనకు పంపాను. చూడలేదు. ప్రతిభ తన ఫోన్ కెమెరా చీటీ మీద పెట్టి మరాఠీలోకి మార్చమంది. రాత మాసిపోయి ఉంది, అయినా ఫోన్ ఏదో చెప్పింది. ఎడమ వైపు అన్నం నల్లగా ఉందట. ప్రతిభకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఫోన్ లాక్కుని చూశాను. నిజంగానే అన్నమని రాసి ఉంది. ఆ ఫోన్‌ను నేలకేసి కొట్టకుండా తిరిగి ఇవ్వడానికి నాకు ఎంత ఓపిక కావలసి వచ్చిందో దేవుడికే తెలుసు.

చీటీని విసిరేశాను. అట్టముక్క కదా, దూరం పోలేదు, అవ్వ కుర్చీ దగ్గర పడింది. ఆమె వంగి తీసుకుంది. నేను బానెట్ దగ్గర నుంచే అరిచాను.

"నువ్వు జర చుప్ కూసో అవ్వా. అంగూఠా ఏసేటోళ్ళకు గది సమజ్ అయితదా?"

ఆమె నా వైపు చూడలేదు. చీటీని చాచిన చేతి దూరంలో పట్టుకుంది. కింద వేలు పెట్టింది. పెదవులు కదిలాయి. ముందు గొంతు బయటికి రాలేదు, తరువాత వచ్చింది. బళ్ళో పిల్లలు చదువుతారే, ఒక్కో మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, అలా చదివింది.

"రిమోటు... పోతే. మొదలు... తాళం ఆన్‌ల పెట్టాలె. స్టీరింగు కింద... ఎడమ దిక్కు... ఫ్యూజుల డబ్బా. దాని వెనుక... నల్ల గుండి ఉంటది. పది... లెక్కపెట్టే లోపట... అయిదు సార్లు ఒత్తాలె. ఎర్ర దీపం ఆగినంక... ఇంజను చాలు చెయ్యాలె."

ప్రతిభ నోట్లోంచి కొంగు జారింది. ఓంప్రకాష్‌కు తెలుగు రాదు, కానీ ఆమె చదువుతోందని అర్థమైంది. నన్ను చూశాడు, ఏమంటోంది అని. నేను వాడికి హిందీలో చెప్పాను.

వాడు ఫ్యూజుల డబ్బా వెనక చెయ్యి పెట్టి తడిమి, దొరికిందన్నట్టు తలూపాడు. నేను తాళం తిప్పాను. వాడు అయిదుసార్లు ఒత్తాడు. ఎర్ర దీపం ఆగింది. వెనక సీటు కింద ఎక్కడో సన్నగా పంపు మోగింది. ఇంకొంచెం తిప్పగానే ఇంజను మొదటిసారికే అందుకుంది. ఓంప్రకాష్ వైర్ల కట్టను లోపలికి తోసి, మూత బిగించి, పోతూ పోతూ అవ్వకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

టైము పది. నేను సంతోషించాలి కదా? నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రెండు గంటలు. రెండు గంటలు నేను గ్రీజు పూసుకుని కుక్కలా అటూ ఇటూ పరుగెత్తాను, ఈమె కుర్చీలో కూర్చుని చూసింది. ముందే చెప్పొచ్చు కదా, చదువు వస్తుందని చెప్పడానికి ఏం రోగం అని నిలదీశాను. చీటీ నాకు చూపించావా అని ఆమె అడిగింది. చదువొస్తుందని మాకెవరికి తెలుసు అన్నాను.

"ఎవరు అడిగిండ్రు?" అంది అవ్వ.

కోపంగా అనలేదు, మామూలుగానే అంది. తరువాత, నేనెప్పుడూ విననిది చెప్పింది. పుట్టిల్లు వాంకిడి దగ్గర, హద్దుకు అవతల. అయిదో తరగతి దాకా చదివింది. పెళ్ళై లక్కడ్‌కోట్ వచ్చిన మొదటి ఏడు, రాజురాలో రేషన్ కార్డు కోసం పోతే తన పేరు తెలుగులో రాసి సంతకం పెట్టింది. గుమాస్తా కాగితం తిప్పి తిప్పి చూసి, ఇదేం రాత, ఇది చెల్లదు, అంగూఠా వేయించు అని నాయనకు చెప్పాడు. నాయన ఆమె చెయ్యి పట్టుకుని సిరాలో ముంచి ఒత్తించాడు. దారిలో, సంతకం అంటూ పోయి నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావని తిట్టాడు కూడా. మళ్ళీ ఆమె కలం అడగలేదు. బ్యాంకులో, గ్రామపంచాయతీలో, నా బడి కాగితాల మీద, అన్నిటి మీదా వేలిముద్రే. ఇంట్లో మేమంతా ఆమెకు చదువు రాదనే పెరిగాం. నేనూ, నిర్మలా. నాయనకు మాత్రం తెలుసు, ఆయనా మరిచిపోయాడు.

మాట తోచనప్పుడు నేను తొందర చేస్తాను. ఆలస్యమైంది, ఎక్కు ఎక్కు అన్నాను. ప్రతిభ, నేను చెరో పక్కా పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఇంజను ఆపలేదు, మళ్ళీ ఏం మొండికేస్తుందోనని. పత్రం ఉన్న ఫైలు డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. గేరు వేయబోతుంటే అవ్వ ఆ ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గిది సదువు" అంది.

దారిలో చెప్తానన్నాను. కదలనంది. టోకెను పోతుందన్నాను.

"నీ చీటి నేను సదివిన. నా కాయిదం నువ్వు సదువు."

అందులో ఏముంది, నీ పేరు ఎక్కిస్తున్నారని రాసి ఉంది, తెలుగులో చెప్తా విను అని మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మరాఠీలనే సదువు. నాకు సదువుడు రాదు గని ఇనుడు వస్తది. నలభై రెండేండ్ల సంది గీ మరాఠోళ్ళ నడుమనే ఉంటున్న."

అది నిజమే. లక్కడ్‌కోట్ గ్రామసభలో తలాఠీ, అంటే ఊరి భూముల లెక్కలు చూసే ఉద్యోగి, చదివే ప్రతి ముక్కా ఆమెకు అర్థమవుతుంది. బజారులో నాకంటే బాగా బేరం చేస్తుంది. కల్పించి చదువుదామంటే, ఆ ఆఫీసు మరాఠీ అప్పటికప్పుడు నాకెక్కడ పుడుతుంది? అయినా ప్రయత్నించాను. పైన ఉన్న గట్ నంబరు, అదే సర్వే నంబరు, హద్దులు, పేర్లు గట్టిగా చదివాను. అసలు ముక్క వచ్చేసరికి రెండు వరసలు దాటించి కింద సాక్షుల పేర్ల దగ్గరికి దిగాను. ఆమె వేలు కాగితం మీదనే ఉంది. నేను చదివే వరస వెంట కదులుతూ వస్తోంది. ఆ వేలు పైనే ఆగిపోయింది.

"గీ రెండు ఇడిసినవ్" అంది.

అప్పుడు చదివాను. ఇంకేం చేయను. "మీ మాఝ్యా రాజీఖుషీనే, కోణాచ్యాహీ దబావాశివాయ్, యా జమినీవరీల్ మాఝా సంపూర్ణ హక్క్ కాయమ్‌చా సోడూన్ దేత్ ఆహే." నా ఇష్టప్రకారం, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఈ భూమి మీద నా హక్కు మొత్తం శాశ్వతంగా వదిలేస్తున్నాను. ఆ ముక్కను నేను వకీలు దగ్గర ఎన్నోసార్లు చూశాను. నా నోటితో, నా అని, ఆమె పక్కన కూర్చుని చదివింది అదే మొదటిసారి.

అవ్వ ముందు అద్దంలోంచి సందును చూస్తూ కూర్చుంది. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. అద్దె ఇల్లు, ఫ్లాటు, ఆమె కోసం కింది అంతస్తులో ప్రత్యేకంగా గది, మోకాలికి ఆపరేషను. అన్నీ నిజాలే. అన్నీ ఆమెకు మొదటి రోజే చెప్పాల్సినవి. వింటున్నకొద్దీ నా మాటలు నాకే రోతగా అనిపించాయి.

"ఒత్తిడి లేకుంట అని రాసిండ్రు గదా" అంది. "నువ్వు అడిగితే ఇస్తుంటి కొడుకా. అడిగితే ఇస్తుంటి. గీ ఇంట్ల నన్ను అడుగుడే ఎవ్వరికి అలవాటు కాలే. మీ నాయన చెయ్యి గుంజి ఒత్తిండు, నువ్వు కారుల కూసోబెట్టి తీస్కపోతున్నవ్. గంతే ఫరఖు."

గొంతు పెంచలేదు. పెంచితే నాకు బాగుండేది, నేనూ పెంచేవాణ్ణి. కిటికీ దగ్గర నిలబడ్డ ప్రతిభ నన్ను చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను. ఇది హక్కసోడ్ పత్రమని ఆమెకూ నేను చెప్పలేదు.

అవ్వ, నిర్మలకు ఫోన్ చెయ్యమంది. నిర్మల అత్తగారిల్లు రాజురాలోనే, నేరుగా రిజిస్ట్రీ ఆఫీసుకు వస్తానంది. దానికి మరాఠీ చదవడం వచ్చు, పత్రం ఏమిటో దానికి దాచలేదు. కానీ ఇంకొకటి చేశాను, అది కూడా చెప్పేస్తాను. అవ్వ సంతోషంగా తన వాటా నాకు వదిలేసిందని దానికి చెప్పాను. ఆ మాట విన్నాకే అది సరే అంది. ఇప్పుడు ఫోన్ వద్దని, దారిలో చేద్దామని ఏదో గొణిగాను. అవ్వ చెయ్యి చాచి ఊరుకుంది. నేను నంబరు నొక్కి, ఆమె చెప్పినట్టే స్పీకరు పెట్టాను.

నిర్మల మొదటి రింగుకే ఎత్తింది. ఎక్కడిదాకా వచ్చారని అడిగింది, తాను ఆఫీసు ముందే నిలబడి ఉన్నానంది. పత్రం చదివి వినిపించమని అవ్వ నాకు సైగ చేసింది. అవ్వ ఇది నీకు చదివి వినిపించమంటోంది అన్నాను.

నిర్మల నవ్వింది. "నాకెందుకు అన్నా, నాకు తెల్సు గదా. అవ్వనే ఇడిసిపెట్టినంక నాకేందని నేను గూడ ఒప్పుకున్న." అంటూ ఆగిపోయింది. ఇంజను చప్పుడు తప్ప ఇటునుంచి దానికేమీ వినిపించి ఉండదు. మళ్ళీ అడిగింది, ఈసారి నవ్వు లేదు. "అవ్వకు తెల్సు గదా అన్నా?"

అవ్వ ఫోన్ మీదికి వంగింది.

"గిప్పుడు తెల్సింది బిడ్డా" అంది. "నువ్వు ఆడనే ఉండు. నేనొస్తున్న. ఇద్దరం కూసొని, ఏం రాయాల్నో మనమే చెప్పి రాయిద్దాం."

ఫోన్ పెట్టేసి, ఫైలు మూసి, దాన్ని ఒళ్ళోనే ఉంచుకుని, నడువమంది. నేను గేరు వేశాను. బల్లార్షా దాటాం, వార్ధా వంతెన దాటాం, ముందు లారీలు అడ్డం పడ్డాయి. కొనేవాడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి అందరినీ తిట్టిన నేను, ఫోన్ బోర్లా తిప్పి పెట్టి, ఆ లారీల వెనకే మెల్లగా నడిపాను.